ఐన్ రాండ్ చెప్పిన స్వార్థం ఇప్పటికీ పనికొస్తుందా? మా చీనీ తోట చెప్పిన జవాబు

స్వప్రయోజనమే ధర్మం, మనిషి ఎవరి కోసమూ తనను తాను బలిపెట్టుకోకూడదు అన్న అమెరికా రచయిత్రి ఐన్ రాండ్ మాట ఈ రోజుల్లో ఇంకా పనికొస్తుందా అని అడిగారు. నా మటుకు నాకు ఆ మాట ఒకసారి జీవితాన్ని నిలబెట్టింది. ఇంకోసారి అదే మాట పట్టుకుని మా ఇంటిని అప్పుల్లోకి దించాను. రెండూ చెప్తాను.

మాది అనంతపురం జిల్లా, నార్పల వైపు ఒక పల్లె. 2004లో నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మా ఇంట్లో నేను ఎక్కువసార్లు విన్న మాట 'సర్దుకో'. ఆ ఏడాదే తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు ముందుకొచ్చింది. అత్త కొడుకు సంబంధం ఎలాగూ ఉంది, పాపకు చదువు చాల్లే అనుకున్నారు, నన్ను అడగకుండానే. సరిగ్గా అప్పుడు హాస్టల్లో ఉండే స్నేహితురాలి దగ్గర ఐన్ రాండ్ నవల ఫౌంటెన్‌హెడ్ దొరికింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని రెండు నెలలు చదివాను. అందులో ఇల్లు కట్టడాల గొడవ నాకు పెద్దగా ఎక్కలేదు గానీ, ఎవరి మీదా కోపం లేకుండా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా 'నాకు ఇష్టం లేదు' అని చెప్పొచ్చన్న సంగతి మాత్రం రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వలేదు. ఒక రోజు అన్నం తినేటప్పుడు నాయనను అడిగాను: "నేను చదువు మానేస్తే తమ్ముడి ఫీజు కట్టొచ్చు అంటున్నారు, తమ్ముడు మానేస్తే నా ఫీజు కట్టొచ్చని ఎవరూ ఎందుకు అనలేదు నాయనా?" ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. అయినా నేను ఎస్కే యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరాను, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని చదివాను, బెంగుళూరులో ల్యాబ్ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ పుస్తకం చదవకపోతే ఆ ప్రశ్న నా నోట్లోంచి వచ్చేది కాదు.

అందుకే ఐన్ రాండ్‌ను డబ్బున్నవాళ్ల వకీలు అని కొట్టిపారేసే వాళ్లతో నేను ఒప్పుకోను. ఆమె 1905లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. నాన్న మందుల షాపు నడిపేవాడు, బోల్షెవిక్ విప్లవం తర్వాత ప్రజల పేరు చెప్పి ఆ షాపును లాగేసుకున్నారు. 1926లో ఆమె అమెరికా వెళ్లిపోయింది. అందరి మేలు కోసం అని ఎవరైనా అంటే, ఆ మేలు ఎవరి జేబులోంచి వస్తోంది అని ఆమె వెంటనే అడిగేది. మా ఇంట్లో కూడా 'ఇంటి మేలు' ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చేది: అమ్మ నగలు, నా చదువు. ఇంకో సంగతి, తెలుగులో స్వార్థం అంటేనే తిట్టు కాబట్టి మనవాళ్లు ఆమె మాటను సగమే వింటారు. ఇంగ్లీషులోనూ అది తిట్టే, ఆమె కావాలనే ఆ మాట ఎంచుకుంది. కానీ ఆమె చెప్పింది ఇతరులను దోచుకోమని కాదు. నిన్ను నువ్వు ఇతరులకు బలి ఇవ్వకు, ఇతరులను నీకు బలి అడగకు అని రెండూ కలిపే చెప్పింది.

ఇప్పుడు బోర్ల సంగతి.

మా జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మాకూ మా చిన్నాయనకూ పక్కపక్కనే చెరో మూడెకరాల చీనీ (బత్తాయి) తోట. 1996లో నాయన వేసిన బోరు 180 అడుగులు, రెండించుల నీళ్లు. పదేళ్లు బాగానే నడిచింది. తర్వాత చిన్నాయన 400 అడుగులకు వేశాడు, నెల తిరక్కుండా మా బోరులో నీళ్లు తగ్గిపోయాయి. నాయన ఫోన్ చేసి బాధపడితే నేను బెంగుళూరు నుంచి ఏమన్నానో నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది: "మన భూమి, మన డబ్బు, మన ఇష్టం నాయనా, చిన్నాయనను అడగాల్సిన పని ఏముంది, నువ్వూ లోతుకు వెయ్యి." డబ్బు కూడా నేనే పంపాను. టెంకాయ పెట్టి నీళ్లు ఎక్కడున్నాయో చూసేవాణ్ని పిలిచి పాయింటు పెట్టించి 550 అడుగులకు వేశారు. చిన్నాయన 700కు పోయాడు. మేము ఇంకో చోట 800 వేస్తే రాత్రంతా దుమ్మే లేచింది, చుక్క పడలేదు. తెల్లారి బోరు బండి వాళ్లకు అప్పు తెచ్చి డబ్బు కట్టాల్సి వచ్చింది.

నేను అన్నది పాత చట్టం ప్రకారం తప్పు కూడా కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన భూమి కింద ఉన్న నీళ్లను తన హద్దుల్లో తీసుకునే హక్కు భూమి యజమానికి ఉంది. మన రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్లకు చట్టం వచ్చింది, బోరుకు అనుమతి కావాలన్నారు, కానీ మా పల్లెలో హద్దు రాయి లోపల ఏం చేసినా మన ఇష్టం అన్న నమ్మకమే నడిచింది. భూమి పైన హద్దు రాయి ఉంటుంది. 400 అడుగుల కింద రాతి పగుళ్లలో పారే నీళ్లకు మా హద్దు, చిన్నాయన హద్దు తెలియవు. ఐన్ రాండ్ పుస్తకాల్లో మనుషులు తయారుచేసే వస్తువులు బొచ్చెడు ఉన్నాయి, ఇంజిన్లు, మేడలు, ఉక్కు. ఎవరూ తయారుచేయకుండానే అందరి కాళ్ల కిందా ఉన్న నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె లెక్క నాకు దారి చూపలేదు.

ఆమెను నమ్మేవాళ్లు దీనికి ఒక జవాబు చెప్తారు, అది కొట్టిపారేయాల్సింది కాదు: 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితం అయింది, ధర లేని దాన్ని మనుషులు వృథా చేస్తారు, తప్పు స్వార్థానిది కాదు ఉచితానిది అని. సగం నిజమే. మోటరు రాత్రంతా నడిచినా ఆపాలని మాకు తోచకపోవడానికి అదీ కారణం. కానీ బోరు వేయించడం ఉచితం కాదు కదా, ఒక్కో బోరుకు మేం అప్పు తెచ్చిన సొమ్ము పెట్టాం, అయినా ఆగలేదు. నేను తీయకపోతే వాడు తీస్తాడు అన్న భయం ముందు ధర ఏమీ పని చేయలేదు. కాపు మీదున్న చెట్లు ఒక్కో వరుసా ఎండుతూ వచ్చాయి, ట్యాంకర్లతో ఒక వేసవి కాపాడాం, రెండో వేసవి చేతకాలేదు. రెండెకరాల చెట్లు కొట్టించి కట్టెల కింద అమ్మాం. చిన్నాయన తోటదీ అదే గతి. ఆ రోజు నాయన తోటలోకి రాలేదు.

చాలా పెద్ద చోట కూడా ఇదే జరిగింది. అలన్ గ్రీన్‌స్పాన్ అని, వయసులో ఉన్నప్పుడు ఐన్ రాండ్ ఇంట్లో కూర్చుని చర్చలు చేసినవాడే, 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకు అధిపతి. బ్యాంకులు తమ స్వప్రయోజనం కోసమైనా జాగ్రత్తగా ఉంటాయని నమ్మాడు. 2008లో అంతా కూలిపోయాక, తన నమ్మకంలో లోపం ఉందని అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నాడు. అది చదివినప్పుడు నాకు మా 800 అడుగుల బోరే గుర్తొచ్చింది.

నాకు దారి దొరికింది ఎలినార్ ఆస్ట్రమ్ దగ్గర. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ. ఆమె పీహెచ్‌డీ చేసిందే కాలిఫోర్నియాలో భూగర్భజలం మీద, అందరూ పోటీపడి తోడుతుంటే అక్కడివాళ్లు కూర్చుని ఎలా ఒప్పందానికి వచ్చారన్న దాని మీద. సర్కారు వచ్చి కర్ర పట్టుకోనక్కర్లేదు, ఎవరి ముక్క వాళ్లకు పంచనూ అక్కర్లేదు, వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, తప్పితే ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకుని చాలా చోట్ల నడుపుకుంటున్నారు అని చూపించింది. మా జిల్లాలోనే కొన్ని పల్లెల్లో రైతులు బోర్లను పైపులతో కలిపి పంచుకుంటున్నారని విని, సెలవు పెట్టి వెళ్లి చూసొచ్చాను.

నాయనను, చిన్నాయనను ఒకచోట కూర్చోబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. మిగిలిన రెండు బోర్లు కలిపాం, డ్రిప్ వేశాం, కొత్త బోరు ఎవరూ వేయకూడదనుకున్నాం, గంటల లెక్కన వంతులు పెట్టాం. ఒక వేసవిలో చిన్నాయన కొడుకు రాత్రి పూట రెండు గంటలు ఎక్కువ నడిపాడు, ఇంట్లో అన్నం ముద్ద దిగనంత గొడవ. అప్పుడు వాల్వుకు తాళం వేసి తాళంచెవులు రెండిళ్లలో పెట్టాం. ఇందులో ఎవరూ త్యాగం చేయలేదు. ఎవరి తోట కోసం వాళ్లే ఒప్పుకున్నారు, ఆ మాటకొస్తే ఇది కూడా స్వప్రయోజనమే. కాకపోతే 'నా భూమి కింది నీళ్లు నావి' అన్న హక్కును ముందు ఇద్దరూ వదులుకోవాల్సి వచ్చింది, అది నేను చదివిన పుస్తకంలో లేదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: మీ చదువు, మీ పెళ్లి, మీ పని, మీ ఆలోచన, వీటి దగ్గర ఎవరైనా సర్దుకో అంటే ఆమెను తప్పకుండా చదవండి, ముఖ్యంగా ఆడపిల్లలు. మా తమ్ముడి కూతురికి పదో తరగతి అవ్వగానే నేనే కొనిచ్చాను. మీరు తీసుకుంటే పక్కవాడికి తగ్గేది ఏదైనా ఉంటే మాత్రం, అక్కడ ఆమె ఒక్కతే చాలదు.

పోయిన నెల మా తోటకు పడమర పక్కనున్న రైతు 900 అడుగుల బోరుకు బండి మాట్లాడుకున్నాడు. ఆయన మా ఒప్పందంలో లేడు. భూమి ఆయనది, డబ్బు ఆయనది. నాకు ఫోనులో టెన్షన్ పెరిగిపోయి ఏం చెప్పాలో తోచలేదు. నాయన మాత్రం సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, మా వంతులోంచి రోజుకు ఒక గంట నీళ్లు ఇస్తాం, బోరు వేయొద్దు అన్నాడంట. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు. బండి అయితే ఇంకా రాలేదు.