పాఠకుల ప్రశ్నలు: విదేశీ నిధులు తీసుకునే పరిశోధన సంస్థను నమ్మవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎకనమిక్స్‌లో ఎం.ఏ. చేసి, రెండేళ్లుగా హైదరాబాద్‌లోనే ఒక విధాన పరిశోధన సంస్థలో పని చేస్తోంది. ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి వివరాలు సేకరించి నివేదికలు రాయడం ఆమె పని. ఆ సంస్థకు వచ్చే నిధుల్లో కొంత భాగం విదేశీ ఫౌండేషన్లది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రిసెర్చ్ మీద టీవీల్లో వచ్చిన ఆరోపణలు విన్నప్పటి నుంచి మా బంధువులు "మీ అమ్మాయికి జీతం ఎవరిస్తున్నారో కనుక్కున్నారా?" అని అడుగుతున్నారు. మొన్న పెళ్లిచూపులకు వచ్చినవారూ ఇదే మాట అడిగారు. అసలు ఆ ఢిల్లీ సంస్థ చేసిన తప్పేమిటి? మా వాళ్లకు నేనేమని చెప్పాలి?
– విశ్రాంత ఉపాధ్యాయిని, తార్నాక

జవాబు: టీచర్ గారూ, ముందు ఢిల్లీ సంస్థ సంగతి చూద్దాం. సెంటర్ ఫర్ పాలసీ రిసెర్చ్ 1973లో ఏర్పడింది. నీటి పంపకాలు, పట్టణ పాలన, విదేశాంగ విధానం, ప్రభుత్వ పథకాలకు కేటాయించిన డబ్బు కింది స్థాయికి ఎంతవరకు చేరుతోందన్న విషయం, ఇలాంటి వాటి మీద ఐదు దశాబ్దాలుగా పరిశోధన చేస్తూ వచ్చింది. 2022 సెప్టెంబరు 7న ఆదాయపు పన్ను శాఖ అక్కడ సర్వే జరిపింది. 2023 ఫిబ్రవరి చివర్లో కేంద్ర హోంశాఖ ఆ సంస్థకు విదేశీ విరాళాలు తీసుకోవడానికి ఉన్న రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసింది. అదే ఏడాది పన్ను మినహాయింపు కూడా పోయింది. 2024 జనవరిలో రిజిస్ట్రేషన్ పూర్తిగా రద్దయింది. విదేశీ సొమ్ముతో వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు ప్రచురించారన్నది అందుకు హోంశాఖ చూపినట్టు వార్తల్లో వచ్చిన కారణాల్లో ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అడవుల్లో బొగ్గు గనులకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనతో సంబంధం ఉందన్నది ఆదాయపు పన్ను శాఖ నోటీసులోని ఆరోపణ. తాము చట్టప్రకారమే నడుచుకున్నామని, పరిశోధన ఫలితాలను జనానికి తెలియజెప్పడం పరిశోధన సంస్థ చేయవలసిన పనేనని ఆ సంస్థ వాదన. నాకు ఆ వాదనలో బలం కనిపిస్తోంది. పథకాల డబ్బు ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టిన పరిశోధకుడు, ఆ సంగతి వ్యాసంగా రాస్తే వార్త అవుతుందని భయపడి బీరువాలో దాచుకోవాలా?

మీ ఇంటిదాకా వచ్చిన అనుమానానికి ఈ చర్యల కంటే, వాటిని చెప్పడానికి వాడిన మాటలే ఎక్కువ కారణమని నా నమ్మకం. ఆదాయపు పన్ను చట్టంలో సర్వే వేరు, సోదా వేరు. సర్వేకు అధికారులు కార్యాలయానికే వస్తారు, లెక్కల పుస్తకాలు చూస్తారు, అవసరమైతే కొన్నింటిని తమ వెంట తీసుకువెళతారు. సోదా అంటే ఇళ్లలోకి కూడా వచ్చి నగదు, నగలు స్వాధీనం చేసుకునే అధికారం ఉన్న చర్య. మన తెలుగు చానళ్లలో రెండింటికీ ఒకటే మాట: "ఐటీ దాడులు". అలాగే నోటీసు అంటే సంజాయిషీ అడగడం మాత్రమే. దానికి జవాబు వెళ్లకముందే "అక్రమాలు బట్టబయలు" అని తెర కింద అక్షరాలు పరుగెడతాయి. సస్పెన్షన్‌కు, రద్దుకు, నేరం రుజువు కావడానికి మధ్య ఎంతో దూరం ఉంది. ఆ దూరాన్ని ఒక్క పదంతో చెరిపేస్తే, పెళ్లిచూపులకు వచ్చినవారు జీతం గురించి అడగడంలో ఆశ్చర్యమేముంది?

ఇక మీ వాళ్లకు చెప్పవలసిన మాట. సొమ్ము ఎవరిదని అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. ఈ విషయంలో నా అనుభవం ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట నేను ఈ నగరంలోనే ఒక చిన్న పరిశోధన సంస్థలో పని చేసేవాణ్ణి. ఒక విదేశీ దాత సంస్థ సొమ్ముతో, నల్లగొండ జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందుల నిల్వలు ఎలా ఉంటున్నాయో చూడడానికి తిరిగాం. నిల్వల లెక్క రాయడానికని కేంద్రాలకు కంప్యూటర్లు ఇచ్చిందీ ఆ దాతే. మేం వెళ్లిన చోట్ల చాలావాటిలో కంప్యూటర్ మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఒకచోట దాని మీద గాయాలకు కట్టే గుడ్డల కట్ట, సిరంజీల పెట్టె పెట్టి ఉన్నాయి. ఆ సంగతి నివేదికలో ఒక వాక్యంగా రాశాను. ముసాయిదా దాత దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు ఆ వాక్యం పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో "ఇది అవసరమా?" అని ఉంది. మా డైరెక్టర్ గారు ఆ కాగితం నా ముందు పెట్టి, "నువ్వు కళ్లారా చూశావా?" అని అడిగారు. చూశానండి అన్నాను. "అయితే ఉండనీ" అన్నారు. వాక్యం అచ్చయింది. మరుసటి ఏడాది ఆ గ్రాంటు మాకు రాలేదు.

ఇంతవరకు చెప్పి ఆపితే మా గొప్ప చెప్పుకున్నట్టే అవుతుంది కనుక తరువాతిదీ చెప్పాలి. ఆపై ఏడాది వేరొక దాతకు ప్రతిపాదన రాసేటప్పుడు, కేంద్రాలకు ఇచ్చిన పరికరాలు వాడుకలో ఉన్నాయా లేదా అన్న ప్రశ్నను మేమే వదిలేశాం. వద్దని మాకు ఎవరూ చెప్పలేదు. సొమ్ము పరిశోధనను వంచేది ఎక్కువగా ఇలాగే. రహస్య ఆదేశాలతో పనిలేకుండా, మళ్లీ గ్రాంటు రావాలన్న ఆశే కొన్ని ప్రశ్నలను నోటిదాకా రానివ్వదు. ఇది విదేశీ సొమ్ముకు మాత్రమే అంటిన జబ్బు అనుకోకండి. ఒక ప్రభుత్వ శాఖ కోసం మేం చేసిన అధ్యయనం పద్దెనిమిది నెలలు ఆ శాఖ బల్ల మీదే ఉండిపోయింది, బయటికి రాలేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా అడిగితే, మీ అమ్మాయి రాసిన నివేదిక ఒకటి వారి చేతిలో పెట్టండి. మొదటి పేజీల్లో నిధులు ఎవరిచ్చారో రాసి ఉందా, ఏ పాఠశాలలకు వెళ్లారో, పిల్లలనూ ఉపాధ్యాయులనూ ఏ ప్రశ్నలు అడిగారో చెప్పారా, నిధులిచ్చినవారికి రుచించని ఫలితం ఒక్కటైనా అందులో ఉందా అన్నవి చూడమనండి. ఇవి ఉన్నచోట పని చేస్తున్న అమ్మాయి తల ఎత్తుకుని జీతం తీసుకోవచ్చు. ఆ వివరాలు నివేదికలో లేకపోతే మీ అమ్మాయే తన పైవారిని అడగాలి. అడిగే హక్కు ఆమెకు ఉంది.

ప్రశ్న: విదేశీ సొమ్ము తీసుకోవడమే దేశద్రోహమని ఒక టీవీ చర్చలో వక్త అన్నారు. చట్టం నిజంగా ఏమంటోంది?
– న్యాయశాస్త్ర విద్యార్థి, విద్యానగర్

జవాబు: చట్టం అలా అనడం లేదు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదటిసారి వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2010 నాటిది, దానికి 2020లో గట్టి సవరణలు చేశారు. ఎన్నికల అభ్యర్థులు, చట్టసభల సభ్యులు, రాజకీయ పార్టీలు, న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులు, వార్తాపత్రికల సంపాదకులు, కాలమిస్టులు, కార్టూనిస్టులు విదేశీ విరాళం తీసుకోకూడదని అందులో ఉంది. మిగతా సంస్థలు రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ పొంది తీసుకోవచ్చు. ఆ సొమ్ము ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకి రావాలి, అందులో పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు, వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఇవన్నీ 2020 సవరణలు. ప్రభుత్వమే రిజిస్ట్రేషన్ ఇచ్చి, ఏటా లెక్కలు తీసుకుంటున్న వ్యవహారాన్ని ద్రోహమని పిలవడం ఆ చట్టాన్నే చదవకపోవడం.

మీరు తప్పక చదవవలసిన తీర్పులు మూడున్నాయి. 2020 మార్చిలో ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు, రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజా సమస్యల కోసం బంద్, హర్తాళ్ వంటి పద్ధతుల్లో నిరసన తెలిపినంత మాత్రాన ఒక సంస్థను రాజకీయ సంస్థగా ముద్రవేసి విదేశీ విరాళాన్ని ఆపకూడదన్నది. 2022 ఏప్రిల్‌లో నోయెల్ హార్పర్ కేసులో అదే కోర్టు 2020 సవరణలను చాలావరకు సమర్థించి, విదేశీ విరాళం పొందడం ఎవరికీ నిరపేక్షమైన హక్కు కాదని స్పష్టం చేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే చట్టం ఎక్కడ నిలబడి ఉందో అర్థమవుతుంది. మూడోది 2014 మార్చి నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పు. చట్టం దృష్టిలో విదేశీ మూలమైన వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని అందులో తేల్చారు. ఆ తరువాత పార్లమెంటు 2016, 2018 ఆర్థిక చట్టాల ద్వారా విదేశీ కంపెనీ నిర్వచనాన్నే మార్చి, ఆ మార్పును 1976 దాకా వెనక్కి వర్తింపజేసింది. కొత్త నిర్వచనం పరిశోధన సంస్థలకూ వర్తిస్తుంది గానీ, ఉల్లంఘించాయని కోర్టు తేల్చిన పార్టీలకు వెనకటి తేదీ నుంచి వెసులుబాటు దొరికింది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

ప్రశ్న: నేను పత్రికలో కొత్తగా చేరాను. పరిశోధన సంస్థల మీద ఆరోపణలు చేయకూడదన్నట్టు కొందరు మాట్లాడుతున్నారు. విదేశీ సొమ్ముకు తలొగ్గిన సంస్థలు నిజంగా లేవా?
– శిక్షణలో ఉన్న పాత్రికేయుడు, చిక్కడపల్లి

జవాబు: ఉన్నాయి, వాటిని బయటపెట్టవలసింది మీలాంటివారే. అలాంటి వార్తకు కొలమానంగా నేను చూపేది 2014 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన పరిశోధనాత్మక కథనం. అమెరికాలోని పేరున్న విధాన సంస్థలకు విదేశీ ప్రభుత్వాలు సొమ్మిచ్చి పలుకుబడి కొనుక్కుంటున్నాయన్నది దాని సారాంశం. అందులో నిందితులు పేదదేశాల చిన్న సంస్థలు కావు. వాషింగ్టన్‌లోని సెంటర్ ఫర్ గ్లోబల్ డెవలప్‌మెంట్‌కు నార్వే 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుందని, అమెరికా ఉన్నతాధికారులను ఒక విదేశీ సహాయ కార్యక్రమానికి కేటాయింపులు రెట్టింపు చేసేలా ఒప్పించడం అందులోని ఉద్దేశమని రాశారు. వాషింగ్టన్ లోనే ఉన్న మరో విధాన సంస్థ బ్రూకింగ్స్‌కు ఖతార్ 2013లో నాలుగేళ్లకు 1.48 కోట్ల డాలర్లు ఇవ్వడానికి అంగీకరించిందని, ఖతార్ ప్రభుత్వాన్ని విమర్శించకూడదని ఉద్యోగ ఇంటర్వ్యూలోనే తనకు చెప్పారని ఖతార్ రాజధాని దోహాలోని బ్రూకింగ్స్ కేంద్రంలో పని చేసిన ఒక పరిశోధకుడు అన్నారని రాశారు. తమ పరిశోధకుల స్వేచ్ఛకు ఏ లోటూ లేదన్న బ్రూకింగ్స్ సమాధానమూ అదే కథనంలో ఉంది.

దాని బలం ఎక్కడుందో గమనించండి. ఎంత సొమ్ము వచ్చిందన్న దగ్గర విలేకరులు ఆగలేదు. ఒప్పందపు పత్రాలు, అంతర్గత లేఖలు సంపాదించి, సొమ్ముకు బదులుగా ఏం చేయాలని రాసుకున్నారో చూపించారు. మన దగ్గర వచ్చే కథనాల్లో సాధారణంగా ఉండేది కోట్ల అంకె, దాత పేరు, ఒక బాణం గుర్తు. ఆ బాణం సూచించే సంబంధాన్ని రుజువు చేసే కాగితం కనిపించదు. ఆ కాగితం మీ చేతిలో ఉంటే నిర్భయంగా రాయండి, సంస్థ ఎంత పెద్దదైనా సరే. లేనప్పుడు, ఆ సంస్థకు ఫోన్ చేసి జవాబు ఇవ్వడానికి ఒక పూట గడువు ఇచ్చి, వారి మాటను చివరి పేరాలో ఇరికించకుండా ఆరోపణ పక్కనే వేయండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆరోపణ మొదటి పేజీలో వేసినవారు దాని ముగింపునూ అంతే పెద్దగా వేయాలి. ఖతార్ తరఫున లాబీయింగ్ చేశారన్న అనుమానంతో దర్యాప్తు జరుగుతున్న సమయంలో, 2022 జూన్‌లో బ్రూకింగ్స్ అధ్యక్షుడు జాన్ ఆలెన్ రాజీనామా చేశారు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. 2023 జనవరిలో ఏ అభియోగమూ మోపకుండానే ఆ దర్యాప్తును మూసేశారన్న వార్తకు దొరికిన చోటు చాలా తక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇక్కడ చెరువుల మీద పరిశోధన చేసే ఒక సంస్థకు విరాళం పంపాలనుకుంటున్నాడు. అదీ విదేశీ సొమ్మేనా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: అది మీ అబ్బాయి పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నా భారత పౌరుడిగానే కొనసాగుతూ, తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, సొమ్ము పైన చెప్పిన ఢిల్లీ ఖాతాకే వెళ్లాలి. కూకట్‌పల్లి శాఖలోని సంస్థ ఖాతాకు నేరుగా వేస్తే చిక్కుల్లో పడేది ఆ సంస్థే. పంపేముందు పాస్‌పోర్టు నకలు సంస్థకు ఇవ్వండి.

ఆ సంస్థ లెక్కలు కూడా చూడాలనుకుంటే, హోంశాఖ వెబ్‌సైట్‌లో ఒకప్పుడు అందరికీ కనిపించిన వార్షిక రిటర్నులను 2022 జూలైలో తీసేశారు. ఆడిట్ చేసిన వార్షిక లెక్కలను సంస్థ తన వెబ్‌సైట్‌లో గానీ ప్రభుత్వం సూచించిన సైట్‌లో గానీ పెట్టాలన్న నిబంధన మాత్రం ఇంకా ఉంది. అక్కడ దొరకకపోతే సంస్థకు ఉత్తరం రాసి అడగండి. చెరువుల లెక్క తీసేవారు తమ లెక్క చూపించడానికి వెనకాడితే, మీ అబ్బాయిని ఆగమని చెప్పండి.