శుక్రవారం రాజీనామా ఇవ్వకండి

ప్రశ్న: ఆటో విడిభాగాలు తయారు చేసే కంపెనీలో 8 ఏళ్ల 7 నెలలుగా మెషిన్ ఆపరేటర్‌గా పని చేస్తున్నాను. బేసిక్, డీఏ కలిపి రూ.26,000, అలవెన్సులతో మొత్తం రూ.38,000. ఆర్డర్లు తగ్గాయి, రెండు నెలలుగా జీతం ఆలస్యంగా వస్తోంది. శుక్రవారంలోగా రాజీనామా ఇస్తే రెండు నెలల జీతం ఇస్తామని, లేదంటే తీసేస్తామని, రికార్డు పాడవుతుందని హెచ్‌ఆర్ వాళ్లు అంటున్నారు. ఇంటి రుణం ఈఎంఐ రూ.17,500. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, సంతకం పెట్టకండి. రాజీనామా ఇస్తే మీ అంతట మీరు వెళ్లిపోయినట్టు. కంపెనీయే పని లేదని తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. దానికి పరిహారం ఉంది, రాజీనామాకు లేదు. మిమ్మల్ని ఇంతగా తొందరపెట్టడానికి కారణం ఇదేనని నాకు అనిపిస్తోంది. పనిలేక తీసేయడం మీ తప్పు కాదు, దాంతో రికార్డు పాడవదు.

లెక్క చూడండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కార్మికుణ్ని తీసేయాలంటే కారణాలు రాసి నెల నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల వేతనం చెల్లించాలి. ఆపైన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి మీకు 9 ఏళ్లు. బేసిక్, డీఏ మాత్రమే తీసుకున్నా సగం నెలకు రూ.13,000 చొప్పున రూ.1,17,000, నోటీసు బదులు మరో రూ.26,000. మొత్తం రూ.1,43,000. వాళ్లు చూపిస్తున్నది రూ.76,000. గ్రాట్యుటీ వేరే: 26,000ను 26తో భాగించి, 15తో, 9తో గుణిస్తే రూ.1,35,000. అయిదేళ్లు దాటాయి కాబట్టి రాజీనామా చేసినా వచ్చేదే. దాన్ని ఆ రెండు నెలల జీతంలో కలిపేసి చూపిస్తే ఒప్పుకోకండి.

మీ హోదా పేరేదైనా చట్టం చూసేది చేసే పనినే. మెషిన్ నడిపే మీరు కార్మికుడే. మీ విభాగంలో ఆఖర్న చేరినవాళ్లు ముందు వెళ్లాలన్నది నియమం, అలా జరగకపోతే కారణం రాసివ్వమనండి. 300 లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ అయితే ప్రభుత్వ అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేదు.

హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి: ‘నేను రాజీనామా చేయదలచుకోలేదు. నన్ను తొలగించదలిస్తే కారణంతో రాతపూర్వకంగా ఇవ్వండి.’ ఇంతే రాయండి, కోపం చూపించకండి. ఫోన్లో మాట్లాడింది కూడా అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. రాతపూర్వకంగా ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయవచ్చు.

ఈ రాత్రే ఒక పని చేయండి. జీతం స్లిప్పులు ఒకవైపు, పీఎఫ్ పాస్‌బుక్ ఒకవైపు పెట్టుకుని నెల నెలా సరిచూడండి. కోసిన సొమ్ము మరుసటి నెల 15లోగా జమ కావాలి. డబ్బుకు ఇబ్బందిపడే కంపెనీలు ముందు ఆపేది తరచూ ఇదే, జీతం పడుతోంది కదా అని మనం చూడం. ఖాళీ నెల కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఈపీఎఫ్‌ఓ పోర్టల్లో ఫిర్యాదు చేయండి. కంపెనీ దివాలాకు వెళ్లినా పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు అప్పులవాళ్ల వాటాలోకి రావు. లిక్విడేషన్ జరిగితే, అంటే ఆస్తులమ్మి అప్పులు తీరిస్తే, కార్మికుల 24 నెలల బకాయిలకు ఆస్తి తాకట్టుపై అప్పిచ్చిన బ్యాంకులతో సమానమైన ప్రాధాన్యం ఉంటుంది. అయితే క్లెయిమ్ మీరే సకాలంలో వేయాలి.

ఈఎంఐ తప్పకముందే బ్యాంకు బ్రాంచికి వెళ్లి పరిస్థితి చెప్పండి, తప్పాక చెబితే వాళ్లు వినే తీరు మారుతుంది. గ్రాట్యుటీ చేతికి రాగానే అందులోంచి రూ.1,05,000, అంటే ఆరు ఈఎంఐలు, వేరే పొదుపు ఖాతాలో వేసేయండి. పీఎఫ్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.