పడవ లేని కుటుంబానికి రూజ్‌వెల్ట్ సరస్సు ఒడ్డే చాలు

అడిగిన ప్రశ్న ఇది: "అరిజోనాలో ఉంటున్నాం, మాకు పడవ లేదు. చిన్నపిల్లలతో ఎడారిలోని సరస్సు దగ్గర రెండు రాత్రులు క్యాంపింగ్ చేస్తే, ఒడ్డున నిలబడి బాస్ చేపలు పట్టగలమా? లేక పిల్లలు విసుగెత్తి ఇంటికి పోదామంటారా?"

పట్టగలరు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ చివరి దాకా, పిల్లలున్న కుటుంబానికి పడవ కంటే ఒడ్డే మేలు. నీటి వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటగానే లార్జ్‌మౌత్ బాస్ గుడ్లు పెట్టడానికి లోతు వదిలి ఒకటి నుంచి నాలుగు అడుగుల నీళ్ళలోకి వస్తుంది. వేల డాలర్ల పడవలో, తెర మీద సరస్సు అడుగును చూసుకుంటూ తిరిగేవారిలో చాలామంది ఆ వారాల్లో చేపలను దాటుకుని నడి సరస్సుకు వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. పడవ లేకపోతే దండగ అని కొత్తవారిని నిరుత్సాహపరచే మాట నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ మాట నమ్మి నేను నాలుగు వసంతాలు ఇంట్లోనే కూర్చున్నాను.

రూజ్‌వెల్ట్ సరస్సుకు మా మొదటి ప్రయాణం 2023 ఏప్రిల్ మొదటి వారంలో. ఆ శీతాకాలం వానలూ కొండల మీది మంచూ బాగా కురవడంతో జలాశయం దాదాపు నిండిపోయింది. అంతకుముందు పొడి నేల మీద పెరిగిన మెస్కీట్ చెట్లూ పొదలూ నడుము దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఒడ్డున గాలం వేసేవారికి అంతకంటే భాగ్యం లేదు, ఎందుకంటే మునిగిన పొద ఉన్నచోట నీడ ఉంటుంది, నీడ ఉన్నచోట చిన్న చేపలుంటాయి, వాటి వెనక బాస్ ఉంటుంది. ఫీనిక్స్ నుంచి రెండు గంటల ప్రయాణం. మా నాన్నగారు అప్పుడు మా దగ్గరకు వచ్చి ఉన్నారు. దారి పొడవునా సగ్వారో కాక్టస్‌లు తప్ప మరేమీ కనిపించక ఆయన మౌనంగా కూర్చున్నారు. మలుపు తిరిగి ఒక్కసారిగా అంత నీరు కనబడగానే, "ఒరేయ్, ఈ ఎడారిలో ఇన్ని నీళ్ళు ఎక్కడివిరా?" అని అడిగారు. సాల్ట్ నది, టోంటో వాగు కలిసే చోట రాతితో కట్టిన ఆనకట్ట 1911లో పూర్తయిందనీ, దిగువ లోయలో పొలాలకు నీరివ్వడానికే దాన్ని కట్టారనీ, తరువాత 1996 నాటికి 280 అడుగుల ఆ కట్టడాన్ని 357 అడుగులకు పెంచారనీ చెప్పాను. బాస్ కూడా ఈ నీటిది కాదు, దేశం తూర్పు వైపు నుంచి తెచ్చి వదిలిన చేప. ఆ మాట విని ఆయన, "అయితే మనలాగే వచ్చి స్థిరపడిందన్నమాట" అన్నారు.

లైసెన్సు సంగతి ముందే చూసుకోవాలి. అరిజోనాలో పదేళ్ళు నిండినవారందరికీ లైసెన్సు ఉండాలి. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు కాబట్టి అవసరం రాలేదు. నాకు 37 డాలర్లు, ఈ రాష్ట్రంలో నివాసం లేని నాన్నగారికి రోజుకు 20 డాలర్లు అయింది. మునుపు ఎన్నడూ చేపలకు రుసుము కట్టి ఎరుగని ఆయన, ఆ డబ్బు చేపల సంరక్షణకే పోతుందని చెప్పిన తరువాత, కాగితాన్ని మడిచి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నారు. సామాన్ల విషయంలో మాత్రం దుకాణాల మాట వినకండి. ఒక మామూలు స్పిన్నింగ్ రాడ్ (చుట్ట బిగించిన గాలపు కర్ర), పది పౌండ్ల బరువు ఆపే లైన్ (గాలపు తీగ), ఎరగా వాడే ప్లాస్టిక్ పురుగుల పొట్లం, తూటా ఆకారపు చిన్న బరువులు, గాలాలు. గాలం మొన పురుగు ఒంట్లోనే దాగి ఉండేటట్టు గుచ్చితే అది కొమ్మలకు తగులుకోదు. పిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పవలసింది ఇదే, ఎందుకంటే పిల్లలు విసుగెత్తేది చేప పడనందుకు కాదు, గంటలో ఎనిమిదిసార్లు లైన్ చిక్కుకున్నందుకు.

మొదటి సాయంత్రం మాకు ఒక్క చేప కూడా పడలేదు. వసంతంలో ఈ ప్రాంతంలో మధ్యాహ్నం దాటితే గాలి విపరీతంగా లేస్తుంది. నేల సున్నపు గట్టిదనంతో రాయిలా ఉండి, గుడారంతో పాటు ఇచ్చిన సన్నటి మేకులు రెండు దెబ్బలకే వంగిపోయాయి. చివరకు నాన్నగారే గుండ్రాళ్ళు ఏరి తెచ్చి తాళ్ళను వాటికి కట్టారు. అంతలో అమ్మాయి ఏడుపు. రాడ్ వెనక్కి ఎత్తి విసరబోయేటప్పుడు గాలం చోయా కాక్టస్‌కు తగులుకుంది, దాన్ని విడిపించుకోవడానికి వెళితే ముళ్ళ ముద్ద ఒకటి విరిగి ముంజేతికి అంటుకుంది. చోయా ముళ్ళకు కంటికి కనిపించని కొక్కేలుంటాయి. వేళ్ళతో లాగితే అవి లాగినవారి వేళ్ళకూ పట్టుకుంటాయి. మా ఆవిడ తన సంచిలోంచి దువ్వెన తీసి, దాని పళ్ళను ముద్దకూ చర్మానికీ నడుమ దూర్చి, "కళ్ళు మూసుకో అమ్మా" అని ఒక్క ఊపుతో ఎగరగొట్టింది. మిగిలిన ముళ్ళను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీసింది. తరువాత నా వైపు తిరిగి, "ఏమండీ, దువ్వెన తెమ్మని మీకెవరైనా చెప్పారా?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను, గాలాల పెట్టెలో ఒక దువ్వెన, ఒక పట్టకారు తప్పక ఉంచుకోండి.

మరునాడు తెల్లవారుజామున గాలి పూర్తిగా పడిపోయింది. సూర్యుడు ఇంకా కొండ దాటి రాలేదు. నీరు అద్దంలా ఉంది. నాన్నగారు రాడ్ ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, ఒడ్డుకు నాలుగడుగులు ఎడంగా నెమ్మదిగా నడుస్తూ నీళ్ళలోకి చూస్తున్నారు. ఒకచోట ఆగి నన్ను చేత్తో పిలిచారు. మునిగిన మెస్కీట్ మొదలు పక్కన, రెండడుగుల లోతులో, అడుగున పళ్ళెమంత గుండ్రటి మచ్చ కనిపించింది. చుట్టూ ఉన్న బురద రంగులో కాకుండా అక్కడ గులకరాళ్ళు కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. దాని మీద ఒక బాస్ ముక్కు ఒడ్డు వైపు పెట్టి, తోకను అతి సన్నగా ఆడిస్తూ నిలబడి ఉంది. నా నీడ మీద పడగానే రెండడుగులు పక్కకు జరిగి, మళ్ళీ అదే చోటికి వచ్చింది.

నేను ఆగలేకపోయాను. పురుగును ఆ మచ్చ దాటి వేసి మెల్లగా లాగాను. మొదటిసారి చేప దాన్ని నోటితో పట్టి, అవతలికి తీసుకుపోయి వదిలేసింది. రెండోసారి పట్టినప్పుడు గుంజాను. రెండు పౌండ్లు ఉంటుందేమో, పచ్చటి ఒంటి మీద నల్లటి చార, కన్ను దాటి వెనక్కి పోయే నోరు. అమ్మాయి సంతోషంతో గంతులు వేస్తూ నీటి అంచుకు పరుగెత్తి, అక్కడే ఆగిపోయింది. "నాన్నా, దాని ఇంట్లోకి ఎవరో వచ్చేశారు" అంది.

నిజమే. నేను చేపను బయటకు తీసి అర నిమిషం కాలేదు. చేతి వెడల్పు బ్లూగిల్ చేపలు ఆరో ఏడో ఎక్కడినుంచి వచ్చాయో, ఆ తెల్లటి మచ్చ మీద తలకిందులుగా నిలబడి గులకరాళ్ళ సందుల్లో పొడుచుకు తింటున్నాయి. అప్పుడు గానీ నాకు నేను చదివినది గుర్తుకు రాలేదు. గూడును తోకతో ఊడ్చి తయారుచేసేది మగ బాస్, గుడ్లు పెట్టి వెళ్ళిపోయేది ఆడది, గుడ్లు పొదిగే ఆ కొన్ని రోజులూ, పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తరువాత కూడా మరికొంత కాలం, కాపలా కాసేది ఆ తండ్రే. నాన్నగారు ఇవేవీ చదవలేదు. ఆయన అన్నది ఒక్కటే: "కొరమీను కూడా ఇంతేరా. ఎర్రటి పిల్లల గుంపు నీళ్ళ మీద కనబడితే కింద తల్లో తండ్రో ఉన్నట్టే. మేము అటు గాలం వేసేవాళ్ళం కాదు. వదిలెయ్యి, ఎక్కడ పట్టావో అక్కడే వదిలెయ్యి." నేను మోకాళ్ళ మీద కూర్చుని చేపను నీళ్ళలోకి దించాను. అది నా చేతిలోంచి జారి, లోతు వైపు పారిపోకుండా, తిన్నగా గూటి మీదకే దూసుకుపోయింది. బ్లూగిల్స్ చెల్లాచెదురయ్యాయి. అది గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, మళ్ళీ ముక్కు ఒడ్డు వైపు పెట్టి నిలబడింది. అమ్మాయి అక్కడే బోర్లా పడుకుని, ఎండ వచ్చేదాకా కదలలేదు. విసుగు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, అది దాదాపు గంటన్నర.

గూటి మీది చేపను పట్టడం ఇక్కడ చట్టవిరుద్ధమేమీ కాదు. వెంటనే వదిలేస్తే నష్టం లేదని వాదించేవారున్నారు. ఆ అర నిమిషంలో మా కళ్ళముందు ఎన్ని గుడ్లు పోయాయో చూసిన తరువాత ఆ వాదన నాకు ఎక్కదు. ఫొటో కోసం చేపను పది నిమిషాలు చేతులు మార్చుకుంటూ, పొడి చేతులతో రుద్దుతూ, కింది దవడ పట్టి అడ్డంగా వేలాడదీసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. చేతులు తడుపుకోండి, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టండి, ఫొటో ఒక్కటి చాలు.

గూళ్ళను వదిలేస్తే మరి పట్టేదెక్కడ అంటారా? నీళ్ళలోకి పొడుచుకు వచ్చిన రాతి కొనల దగ్గర. ఆ ఉదయమే మేము అర మైలు నడిచి అలాంటి కొన ఒకటి పట్టుకున్నాం. ముందురోజు గాలి కొట్టిన ఒడ్డు అది. గాలి నీటితో పాటు షాడ్ అనే చిన్న చేపలను ఒడ్డుకు తోస్తుంది, వాటి కోసం బాస్ వస్తుంది, కాబట్టి గాలికి చాటుగా ఉన్న హాయైన ఒడ్డును వదిలి, ముఖం మీద గాలి కొట్టే ఒడ్డుకు వెళ్ళాలని నా గట్టి నమ్మకం. నీళ్ళలోకి సూటిగా కాకుండా ఒడ్డు వెంబడి పక్కకు వేసి, పురుగును అడుగున రాళ్ళ మీద పాకిస్తూ తెచ్చాం. ఎనిమిదిన్నర లోపల మూడు పడ్డాయి, అందులో ఒకటి అమ్మాయిది. నాన్నగారు తన రెండు రోజుల లైసెన్సుకు ఒక్కటే పట్టారు, అదే అన్నిటికంటే పెద్దది. ఎనిమిదిన్నర దాటాక ఒక్క తాకిడి కూడా లేదు. పిల్లలతో వెళ్ళేవారు తెల్లవారిన రెండు గంటలూ, సాయంత్రం ఒక గంటా మాత్రమే పట్టండి. మిగతా పగలంతా నీడలో ఉండండి.

ఒడ్డు గురించి నాకున్న పెద్ద ఫిర్యాదు తెగిన లైన్‌ను అక్కడే వదిలేసేవారి మీద. ఈ సరస్సు మీద బాల్డ్ ఈగిల్స్ గూళ్ళు కట్టుకుంటాయి, కొంగలున్నాయి. లైన్ కాళ్ళకు చుట్టుకున్న పక్షి ఎగరలేదు, తినలేదు. మేము ఆ రెండు రోజుల్లో ఏరిన లైన్‌తో ఒక పెద్ద నీళ్ళ సీసా నిండింది. రాత్రి పదిన్నర దాకా జెనరేటర్లు నడిపేవారి గురించి కూడా చెప్పాలి. పూర్విల్ అనే రాత్రి పక్షి కూతను నాన్నగారికి వినిపించాలని ఎంతో ఆశపడ్డాను, మోటార్ల హోరులో అది వినబడలేదు.

వేసవిలో మాత్రం చిన్నపిల్లలతో వెళ్ళకండి. జూన్ నాటికి ఎండ 100 డిగ్రీలు దాటుతుంది, బాస్ లోతుకు పోతుంది, రాత్రిళ్ళు రాళ్ళ మధ్య ర్యాటిల్ స్నేక్స్ తిరుగుతాయి. 2020 జూన్‌లో సరస్సు చుట్టూ ఉన్న టోంటో జాతీయ అడవిలో 'బుష్ ఫైర్' అని పేరు పెట్టిన కార్చిచ్చు 1,93,000 ఎకరాలకు పైగా తగలబెట్టింది, కాబట్టి ఎండాకాలం ముందు నుంచే మంటల మీద ఆంక్షలు పెడతారు, బయలుదేరే రోజున అవి చూసుకోవాలి. ఏ కాలంలో వెళ్ళినా మనిషికి రోజుకు ఒక గ్యాలన్ తాగునీరు తీసుకెళ్ళండి, ఎండిపోయిన వాగు ఇసుక ఎంత మెత్తగా కనిపించినా అందులో గుడారం వేయకండి, పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి. ఒక అతినీలలోహిత టార్చి కొంటే మంచిది. ఆ వెలుగులో తేళ్ళు పచ్చగా మెరుస్తాయి. గుడారం చుట్టూ పది అడుగులు చూసుకున్న తరువాతే మా ఇంట్లో అందరూ నిద్రపోతారు.

వసంతం తప్పిపోతే అక్టోబరు చివర, నవంబరు కూడా బాగుంటాయి. అదే ఏడాది నవంబరులో మేము మళ్ళీ అక్కడికే వెళ్ళాం, ఈసారి నాన్నగారు మాతో లేరు, ఊరికి తిరిగి వెళ్ళిపోయారు. దిగువకు వదలగా నీళ్ళు ఎన్నో అడుగులు తగ్గి, ఆ మెస్కీట్ మొదలు పూర్తిగా పొడి నేల మీద ఉంది. అమ్మాయి కారు దిగగానే అక్కడికి పరుగెత్తింది. బురద ఎండి పగుళ్ళు ఇచ్చిన ఆ ఒడ్డున, మొదలు పక్కన, పళ్ళెం లాంటి గుంట అలాగే ఉంది, గులకరాళ్ళు అలాగే ఉన్నాయి. ఆమె దాని అంచున కూర్చుని వీడియో కాల్ కలిపి, ఫోనును గుంట మీదకు వంచి, "తాతయ్యా, ఇదిగో, చూడు" అంది.