పాచికల బేస్‌బాల్ లీగ్ నడపబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వూ, నీ ఆఫీసు స్నేహితులు ఐదుగురూ కలిసి ఈ చలికాలంలో పాచికల బేస్‌బాల్ లీగ్ మొదలుపెడుతున్నారనీ, దాని నిర్వహణ నీకే అప్పగించారనీ చదివి చాలా సంతోషించాను. 1982లో నేను సెయింట్ లూయిస్‌లో ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఈ ఆటలో ఓనమాలు కూడా తెలియవు. మధ్యాహ్నం భోజన విరామంలో సహోద్యోగులు బల్ల మీద స్ట్రాట్-ఓ-మాటిక్ (నిజమైన ఆటగాళ్ల ఒక్కో సీజన్ అంకెలను కార్డులుగా మార్చి, పాచికలతో ఆడే బేస్‌బాల్ ఆట) కార్డులు పరిచి పాచికలు వేస్తుంటే, పక్కన కూర్చుని స్కోరు రాస్తూ నేర్చుకున్నాను. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా అలాంటి లీగ్‌ను నేనే నడిపాను కనుక, నువ్వు అడిగినవాటికే కాక అడగనివాటికి కూడా జవాబు రాస్తున్నాను.

వేర్వేరు కాలాల మేటి ఆటగాళ్లను ఒకే లీగ్‌లో కలపాలని ఉబలాటంగా ఉందని రాశావు. మొదటి ఏడు ఆ పని చేయవద్దు. అమెరికా బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో 1930లో బ్యాటర్లందరి సగటూ (హిట్లను, అంటే బంతిని కొట్టి బేస్ చేరడాన్ని, బ్యాటింగ్ అవకాశాలతో భాగిస్తే వచ్చే అంకె) కలిపితే 0.303 వచ్చింది, 1968లో రెండోదైన అమెరికన్ లీగ్ మొత్తానికి అందరికన్నా మెరుగైన బ్యాటర్‌గా నిలిచిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటు 0.301. అంటే ఒక ఏటి విజేత మరో ఏటి మామూలు సగటును కూడా అందుకోలేదు. ఆ 1968లోనే మా ఊరి పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) బాబ్ గిబ్సన్, సహచరుల తప్పిదాల వల్ల వచ్చినవి వదిలేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. పిచర్ల ధాటికి బ్యాటర్లు తట్టుకోలేకపోతున్నారని మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు. కార్డు మీద నువ్వు చదివే అంకెలో ఆటగాడి నైపుణ్యంతో పాటు ఆ దిబ్బ ఎత్తు, ఆ ఏటి నిబంధనలు, ఆ మైదానం కొలతలు కూడా కలిసి ఉంటాయి. అందుకే ఒకే సీజన్ తీసుకుని, ఆ సీజన్ ఆటగాళ్లతోనే మీ ఆరు జట్లనూ ఆడించు.

నన్నడిగితే 1982 తీసుకోమంటాను. ఆ ఏడు మా ఊరి జట్టు కార్డినల్స్ 67 హోమ్ రన్‌లే (బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టి, 200 బేస్‌లు దొంగిలించి (బంతిని ఎవరూ కొట్టకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరుకుని) రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ గెలిచారు. విశాలమైన మైదానం, కృత్రిమ గడ్డి, కాళ్లలో వేగం ఉన్న ఆటగాళ్లు, వీటన్నిటికీ తగ్గట్టు అల్లిన జట్టు అది. ఓక్లండ్ జట్టు ఆటగాడు రికీ హెండర్సన్ ఒక్కడే 130 బేస్‌లు దొంగిలించిన సీజన్ కూడా అదే. హోమ్ రన్‌ల కోసం కాచుకు కూర్చోకుండా ఆలోచించి ఆడే మేనేజర్‌కు అంతకన్నా మంచి పాఠశాల నాకు కనబడలేదు.

కార్డును చదవడం నీ స్నేహితులకు ముందే నేర్పు. తెల్ల పాచిక మీద ఒకటి, రెండు, మూడు పడితే బ్యాటర్ కార్డులో చూస్తాము. నాలుగు, ఐదు, ఆరు పడితే పిచర్ కార్డులో చూస్తాము. మిగిలిన రెండు పాచికల మొత్తం ఏ వరుస చదవాలో చెబుతుంది. ఏడు 36 విధాలలో ఆరు విధాలుగా పడుతుంది. పన్నెండు మాత్రం ఒక్క విధంగానే పడుతుంది. కనుక ఏడుకు ఎదురుగా హోమ్ రన్ ఉన్న కార్డూ, పన్నెండుకు ఎదురుగా హోమ్ రన్ ఉన్న కార్డూ పైకి ఒకేలా కనబడినా వాటి మధ్య ఆరు రెట్ల తేడా ఉంది. ఇది తెలియనివాడు ఆటగాళ్లను ఎంచుకునే రోజున మోసపోయినట్టు బాధపడతాడు, తరువాత ఆటకు రావడం మానేస్తాడు.

నిజమైన సీజన్‌లా 162 ఆటలు పెట్టుకోవద్దు. ఆరు జట్లలో ప్రతి జట్టూ మిగిలిన ఐదింటితో ఎనిమిదేసి ఆటలు ఆడితే జట్టుకు 40 ఆటలు, మొత్తం 120 ఆటలు అవుతాయి. ఆటకు అరగంట చొప్పున చూసినా అరవై గంటల పని. ఆరుగురు ఉద్యోగస్తులు ఒక చలికాలంలో పూర్తి చేయగలిగింది అంతే.

ఇక నిబంధనలు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆటగాడి వాడకానికి పరిమితి. నిజంగా నలభై సార్లే బ్యాటింగ్ చేసి 0.400 సగటు తెచ్చుకున్న ఆటగాడి కార్డు చూడటానికి మేటి బ్యాటర్ టెడ్ విలియమ్స్ కార్డులా మెరిసిపోతుంది. అతన్ని రోజూ ఆడించనిస్తే మీ సీజన్‌కు అర్థమే ఉండదు. మీరు ఆడేది నిజమైన సీజన్‌లో నాలుగో వంతు కనుక, ప్రతి ఆటగాడికీ అతను నిజంగా ఆడినదానిలో నాలుగో వంతు మించకుండా కట్టడి పెట్టు. పిచర్‌కు ఎన్ని ఆటల విరామం ఇవ్వాలో కూడా ముందే రాయించు.

జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడులకు గడువు లేకపోవడం వల్ల మా లీగ్ ఒకసారి విరిగిపోయింది. ఆఖరి స్థానంలో ఉన్న మిత్రుడొకడు, సీజన్ ముగియడానికి వారం ముందు, తన మంచి పిచర్‌ను తన ఇష్టుడికి ఇచ్చేశాడు. ఏ నిబంధననూ అతను మీరలేదు, ఎందుకంటే నేను ఏ నిబంధనా రాయలేదు. ఇద్దరు ఆ మరుసటి ఏడు రాలేదు. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను. సగం ఆటలు పూర్తయ్యాక మార్పిడి ఉండదని మొదటి రోజే కాగితం మీద పెట్టి ఆరుగురి చేతా సంతకాలు చేయించు. నీకూ ఒక జట్టు ఉంటుంది కాబట్టి, నీ జట్టుకు సంబంధించిన తగవును నువ్వు తీర్చవద్దు. ఆ ఆటలో లేని ఇద్దరికి అప్పగించు.

స్కోరు పుస్తకం విషయంలో మాత్రం నేను కొంచెం చాదస్తుణ్ణి. ప్రతి ఆట అయ్యాక లెక్క సరిచూడాలి. ఒక జట్టు తరఫున బ్యాటింగ్‌కు వచ్చినవారి మొత్తం, ఆ జట్టు చేసిన పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవారు, ఔటైనవారు కలిపిన మొత్తానికి సమానం కావాలి. నాలుగు పరుగులు, ఏడుగురు మిగిలినవారు, 27 ఔట్లు అయితే 38 మంది రావాలి. 37 కనబడితే ఎక్కడో ఒకరిని రాయడం మరచిపోయావన్నమాట. పాచికలు పెట్టెలో పెట్టకముందే వెతుకు, ఎందుకంటే అప్పటికి అందరికీ ఆట గుర్తుంటుంది. నిజమైన లీగ్‌లో కూడా ఇలాంటి తప్పులు జరిగాయి: షికాగో ఆటగాడు హాక్ విల్సన్ 1930లో జట్టుకు తెచ్చిపెట్టిన పరుగులు 190 అని దాదాపు డెబ్బై ఏళ్లు పుస్తకాలలో అచ్చయింది. వాటిలో చేరవలసిన మరొకటి సహచరుడు చార్లీ గ్రిమ్ ఖాతాలో పడిందని తేలి 1999లో 191గా దిద్దారు.

ప్రతి ఆట రాత్రీ ఒక ప్రశ్న అడిగే ఆనవాయితీ పెడతానన్నావు, చాలా మంచిది. అంకె మాత్రమే జవాబుగా ఉండే ప్రశ్నలు వద్దు, ఫోన్‌లో చూసేస్తారు. వెనుక ఒక కథో కారణమో ఉన్న ప్రశ్న అడుగు. ఒకే రోజున రెండు నగరాలలో, రెండు వేర్వేరు జట్ల తరఫున హిట్ కొట్టింది ఎవరు? జోయెల్ యంగ్‌బ్లడ్. 1982 ఆగస్టు 4న మధ్యాహ్నం షికాగోలో న్యూయార్క్ మెట్స్ తరఫున పిచర్ ఫెర్గసన్ జెంకిన్స్ బంతిని కొట్టి, ఆట మధ్యలోనే తనను వేరే జట్టుకు ఇచ్చేశారని విని, విమానం ఎక్కి, రాత్రి ఫిలడెల్ఫియాలో మాంట్రియల్ ఎక్స్‌పోస్ తరఫున పిచర్ స్టీవ్ కార్ల్‌టన్ బంతిని కొట్టాడు. మరొకటి: 1941 సీజన్ చివరి రోజున ఆటకు ముందు విలియమ్స్ సగటు 0.39955, ఆడకుండా కూర్చుంటే 0.400గా లెక్కలోకి వచ్చేది. అతను కూర్చోలేదు, రెండు ఆటలూ ఆడి ఎనిమిదింట ఆరు కొట్టి 0.406తో ముగించాడు. ఇక్కడ ఆగిపోకుండా, ఈనాటి నిబంధనతో లెక్కిస్తే ఆ సగటు ఇంకా ఎందుకు పెరుగుతుందని అడిగి చూడు. బంతిని గాల్లోకి కొట్టి తాను ఔటైనా పరుగు తెప్పించిన బ్యాటర్‌కు ఆనాడు ఆ అవకాశాన్ని సగటు లెక్కలో కలిపేవారు. 1954 నుంచి కలపడం లేదు.

మొదటి రాత్రి ఆటలయ్యాక ఆ మూడు స్కోరు కాగితాలూ ఫోటో తీసి నాకు పంపించు. లెక్క కుదిరిందో లేదో చూసి తెల్లవారేలోగా జవాబు రాస్తాను.

ఇట్లు,
నీ మామయ్య