చిత్తూరు వేలంలో చండీగఢ్ కుర్చీయా?

ప్రశ్న: మా మామగారు ఎప్పుడో చిత్తూరులో ఆఫీసు సామాన్ల వేలంలో పాడుకున్న టేకు కుర్చీ ఒకటి మా ఇంట్లో ఉంది. పక్కనుంచి చూస్తే కాళ్ళు తలకిందులుగా పెట్టిన 'వి' అక్షరంలా ఉంటాయి, సీటూ వీపూ కేను అల్లిక. మా అబ్బాయి ఫోన్లో ఫొటోలు చూసి ఇది చండీగఢ్ కుర్చీ, లక్షలు పలుకుతుంది అంటున్నాడు. మావారేమో పాలిష్ కొట్టించి అమ్మేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ పాలిష్ పని ఆపించండమ్మా.

మీ అబ్బాయి చెప్పేది గాలిమాటేం కాదు. 1950ల్లో చండీగఢ్ కడుతున్నప్పుడు ఆ నగరానికి ప్లాను గీసిన లె కార్బూజియేకి వరసకు సోదరుడైన పియర్ జన్నరే అనే ఆర్కిటెక్టు 1965 దాకా అక్కడే ఉండిపోయి, తన బృందంతో కలిసి సెక్రటేరియట్‌కీ యూనివర్సిటీకీ కావలసిన కుర్చీలూ బల్లలూ గీసిస్తే, అక్కడి వడ్రంగులు టేకుతో వేలల్లో చేశారు. తర్వాత కొత్త ఫర్నిచర్ రాగానే వీటిని మేడల మీద పడేసి తుక్కు రేటుకి వేలం వేశారు, విదేశీ డీలర్లు ఏరుకుపోయి పారిస్, న్యూయార్క్‌లలో లక్షలకి అమ్ముకున్నారు. కేంద్ర హోంశాఖ అమ్మకాలూ ఎగుమతులూ ఆపమన్నది 2011లో. దొంగలు పడ్డ ఆర్నెల్లకి అన్నట్టు!

కానీ అక్కడి ఆఫీసుల కోసం చేసిన కుర్చీ చిత్తూరు దాకా ఎందుకొస్తుంది? నాకైతే నమ్మకం లేదు. కాళ్ళు చూసి తేల్చలేం, ఎందుకంటే ఎన్నో చేతులు చేశాయి కాబట్టి అసలువే ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండవు, పైగా నకిలీలు కొల్లలు. కుర్చీ తిరగేసి చూడండి. అసలు వాటిలో చాలావాటి మీద ఏ శాఖదో తెలిపే పొడి అక్షరాలూ నంబరూ పెయింటుతో రాసి ఉంటాయి (అదీ దొంగరాత కావచ్చనుకోండి, అందుకే మామగారి పాత కాగితాల్లో వేలం రసీదు దొరికితే అదే గట్టి సాక్ష్యం). గరుకు కాగితం పెట్టి రుద్దారంటే ఆ రాతా పోతుంది, ఏళ్ళ తరబడి చేతులు ఆని నిగనిగలాడే కర్ర రంగూ పోతుంది. ఆ రెండూ పోయాక అసలుదైనా సరే కొనేవాడు సగం రేటు అడుగుతాడు.

చండీగఢ్‌ది కాకపోతే టెన్షన్ లేకుండా ఇంట్లో వాడుకోండి, అంత చేవగల పాత టేకు ఇప్పుడు దొరకడం కష్టం. సీటు కుంగిందా? కేను తెగకుండా ఉంటే వేడినీళ్ళలో పిండిన గుడ్డతో అడుగువైపు బాగా తడిపి, రాత్రంతా నీడన ఆరనివ్వండి, చాలావరకు బిగుస్తుంది. తెగితే మళ్ళీ అల్లించాల్సిందే, చవకని ప్లాస్టిక్ వైరు మాత్రం వేయించకండి.