నెలకో భాగం కొనకండి, నెలనెలా డబ్బు దాచండి

ప్రశ్న: ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఖర్చులన్నీ పోను జీతంలో పదో వంతు మిగులుతోంది. మూడు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి విడిగా ఉంది. క్రెడిట్ కార్డు మీద మాత్రం పావు జీతమంత బాకీ ఉంది. ఇంట్లో గేమింగ్ కంప్యూటర్‌ను విడిభాగాలు తెచ్చి నేనే బిగించుకోవాలనుకుంటున్నాను. జాబితా జతచేశాను, మొత్తం 1.2 నెలల జీతం అవుతోంది. నెలకో భాగం కొనుక్కుంటూ పోతే భారం తెలియదని మిత్రుడు అంటున్నాడు. దుకాణం వాళ్లేమో వడ్డీ లేకుండా 6 వాయిదాలు ఇస్తామంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. డబ్బు నెలనెలా పోగేయండి, సరుకు మాత్రం ఒకే వారంలో కొనండి.

మీ మిత్రుడి సలహా వినడానికి బాగుంటుంది, చాలామంది అలాగే కొంటారు కూడా. చిక్కు ఎక్కడొస్తుందంటే, ప్రాసెసర్ (లెక్కలు చేసే చిప్పు), మదర్‌బోర్డు (భాగాలన్నీ తగిలించే పలక), ర్యామ్ (తాత్కాలిక మెమరీ), పవర్ సప్లై (అన్నిటికీ కరెంటు పంచే పెట్టె) నాలుగూ చేతికి వచ్చేదాకా ఏ ఒక్కటీ పనిచేస్తోందో లేదో తెలుసుకునే దారి లేదు. మూడో నెలలో కొన్న బోర్డులో ఒక ర్యామ్ స్లాట్ చచ్చిపోయి ఉంటే ఆ సంగతి మీకు పన్నెండో నెలలో బయటపడుతుంది. దుకాణం మార్చి ఇచ్చే గడువు రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు. గడువు దాటితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి, కొత్త పెట్టెకు బదులు బాగుచేసిన బోర్డు చేతికి రావచ్చు. పైగా వారంటీ లెక్క బిల్లు తేదీ నుంచే మొదలవుతుంది. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు మూడేళ్ల వారంటీ ఉండి, అది పది నెలలు అట్టపెట్టెలోనే పడుంటే, ఆ పది నెలలకూ మీరు డబ్బు కట్టినట్టే.

ధర పెరుగుతుందన్న భయంతో ముందే ఒక భాగం కొనేయడం ఒక్కోసారి కలిసొస్తుంది, కాదనను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎగబాకినప్పుడు ముందే కొన్నవాళ్లు లాభపడ్డారు. కానీ అది జూదం, ప్రణాళిక కాదు. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఎదురు అనుభవమూ ఉంది. గ్రాఫిక్స్ కార్డులతో డిజిటల్ నాణేలు సంపాదించే క్రిప్టో మైనింగ్ వేడిలో 2021లో ఎక్కువ పెట్టి కొన్నవాళ్లు, 2022 సెప్టెంబరులో అలాంటి నాణెమైన ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక అవే కార్డులు సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా రావడం చూశారు.

ఇక వాయిదాల సంగతి. వడ్డీ లేదన్న మాట నిజమో కాదో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: "మొత్తం ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?" 100కు బదులు 94కే ఇస్తామన్నారనుకోండి. అంటే మీరు 94 అప్పు తీసుకుని ఆరు నెలల్లో 100 తీరుస్తున్నారు. తేడా 6 శాతమే కదా అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుతూ పోతుంది కాబట్టి, ఆ 94 మీ దగ్గర పూర్తిగా ఉండేది మొదటి నెల ఒక్కటే. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం పైచిలుకు వడ్డీ. దీనికి ప్రాసెసింగ్ ఫీజు అదనం. నగదు ధరా వాయిదా ధరా నిజంగా ఒకటే అయి, ఫీజు కూడా లేకపోతే తీసుకోవచ్చు. అదీ డబ్బు మొత్తం అప్పటికే ఖాతాలో ఉన్నప్పుడే.

అన్నిటికంటే ముందు కార్డు బాకీ. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డయితే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. మీ మిగులుతో అది మూడో నెలలో తీరిపోతుంది. నాలుగో నెల నుంచి అదే పదో వంతును జీతం పడిన రోజునే వేరే పొదుపు ఖాతాలోకి పంపండి. పన్నెండు నెలలకు 1.2 జీతం జమవుతుంది. ఏడాదిలో వాడే డబ్బు కాబట్టి షేర్ల జోలికి వెళ్లకండి. అత్యవసర నిధిని ముట్టుకోవద్దు.

మీ జాబితా చూశాను. అందులో ఉన్నవన్నీ కేబినెట్, అంటే కంప్యూటర్ డబ్బా, దాని లోపలికి వెళ్లేవే. మానిటర్ లేదు, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ లేవు, విండోస్ లైసెన్సు లేదు, కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడితే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ లేదు. ఇవి కలిపితే డబ్బా ఖర్చు మొత్తంలో 70 శాతం దగ్గర ఆగుతుంది. ఆ లెక్కన మీ 1.2 జీతం డబ్బా చివరికి 1.7 జీతం దగ్గర తేలుతుంది, అంటే 17 నెలల పొదుపు. అంతకాలం ఆగగలిగితే సరే. నన్నడిగితే మొత్తం 1.2కే కట్టుబడి, జాబితాను కుదించడం మేలు.

కుదించడం మానిటర్‌తో మొదలుపెట్టాలి. డబ్బాలో ఏం ఉండాలో తేల్చేది అదే. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 2560×1440లో 36.9 లక్షలు, 4కేలో 83 లక్షలు ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకు, అన్ని చుక్కలు వేయాలి. 1080పీ తెర ముందు 4కే కార్డు పెడితే డబ్బు వృథా, 4కే తెర వెనక చిన్న కార్డు పెడితే ఆట నత్తనడక. మీ బడ్జెట్‌కు 1440పీ (2560×1440), 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) తెర సరిపడుతుందనిపిస్తోంది. దానికి 12 జీబీ అయినా సొంత మెమరీ ఉన్న కార్డు చూడండి. 8 జీబీ కార్డు కొత్త ఆటల్లో టెక్స్‌చర్లు (వస్తువుల ఉపరితలాల వివరం) పెంచగానే ఇరుకున పడుతుంది.

మొత్తం బడ్జెట్ 100 అనుకుంటే నేను ఇలా పంచుతాను. గ్రాఫిక్స్ కార్డుకు 26, ప్రాసెసర్‌కు 11, మదర్‌బోర్డుకు 8, ర్యామ్‌కు 7, పవర్ సప్లైకి 6, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీకి 5, కేబినెట్‌కు 4, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌కు 2, ఆ రెండిటి మధ్య పూసే థర్మల్ పేస్టు, పెన్‌డ్రైవ్ లాంటి చిల్లరకు 1. అది 70. మానిటర్‌కు 14, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్‌కు 5, విండోస్‌కు 3, సర్జ్ ప్రొటెక్టర్‌కు 2. మిగిలిన 6 ముట్టకుండా పక్కన ఉంచండి, అది ఎందుకో చివర్లో చెబుతాను. ర్యామ్ ధర మండిపోతుంటే దాని వాటా 10 దాటొచ్చు. అప్పుడు కోత బోర్డు మీద, కేబినెట్ మీద పెట్టండి. రంగురంగుల లైట్లు తగ్గితే ఫ్రేములేమీ తగ్గవు.

కోత పెట్టకూడనిది పవర్ సప్లై. ప్రాసెసర్ 120 వాట్లు, కార్డు 220, మిగతావన్నీ 80 లాగితే మొత్తం 420. దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే 630, అంటే 650 వాట్ల సప్లై. కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు చెప్పినదానికంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కుదుపుకు నాసిరకం సప్లై ట్రిప్ అవుతుంది, ఆట మధ్యలో తెర టక్కున ఆరిపోతుంది. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 (పవర్ సప్లైల ప్రమాణం) అని రాసి ఉన్నవి ఈ కుదుపులను లెక్కలో పెట్టుకుని చేసినవి.

ప్రాసెసర్ ఎంచుకునేటప్పుడు సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) వయసు చూడటం మనలాంటి లెక్కలవాళ్లకు ముఖ్యం. ఏఎండీ ఏఎమ్5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా అయినా దానికి మద్దతు ఉంటుందని కంపెనీ చెప్పింది. అంటే మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది, బోర్డు, ర్యామ్ మళ్లీ కొనక్కర్లేదు. 2021లో వచ్చిన ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. పాత తరం డీడీఆర్4 ర్యామ్ కొత్త తరం డీడీఆర్5 బోర్డులో దూరదు, గాటు వేరేచోట ఉంటుంది. మిత్రుడి దగ్గర పాత ర్యామ్ చవగ్గా వస్తోందని బోర్డు చూడకుండా తీసుకోకండి.

సెకండ్ హ్యాండ్‌లో కేబినెట్ నిశ్చింతగా కొనొచ్చు. కూలర్ కూడా, మీ సాకెట్‌కు సరిపోయే బ్రాకెట్ ఉందని చూసుకుంటే. పవర్ సప్లై వద్దు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్ల విషయంలో జాగ్రత్త. వోల్టేజీ లోపంతో కొన్ని మెల్లగా దెబ్బతిన్నాయని 2024లో తేలింది. బయోస్ (బోర్డులోనే ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇకపై నష్టం జరగకుండా ఆపుతుంది కానీ జరిగినదాన్ని బాగుచేయదు. గ్రాఫిక్స్ కార్డయితే బిల్లు, మిగిలిన వారంటీ ఉండాలి, అరగంట బరువైన ఆట ఆడించి చూడాలి.

కొనే వారం వచ్చింది. ప్రతి పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, పెట్టె మీది సీరియల్ నంబరు బిల్లులో ఉన్నదేనా చూడండి. సాకెట్‌లో ప్రాసెసర్ పెట్టకముందే పిన్నులను దగ్గరగా ఫొటో తీయండి. వంగిన పిన్నుకు సాధారణంగా వారంటీ వర్తించదు. మీరే వంచారంటే కాదని చూపించేది ఆ ఫొటోనే. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత పారేయొద్దు, బోర్డు వెనక్కిచ్చేటప్పుడు అది అడుగుతారు.

కేబినెట్‌లో బిగించే ముందు బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, పవర్ సప్లై తగిలించి వెలిగించండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ ఉండవు, దానికి కార్డు కూడా పెట్టాల్సిందే. కూలర్ అడుగున అంటించిన పల్చటి పొర తీసేయడం మరవొద్దు. ఏఎమ్5 బోర్డు మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకుంటూ కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంచొచ్చు. కంగారుపడి స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. బోర్డు పాడైందని వెనక్కి పంపేవాళ్లలో కొందరు చేసిన పొరపాటు అదే.

పవర్ సప్లై మార్చాల్సి వస్తే పాత కేబుళ్లు కొత్తదానికి తగిలించకండి. అవతలి కొస అన్నిటికీ ఒకేలా ఉంటుంది కానీ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది. సరిగ్గా దూరినట్టే దూరి ఎస్‌ఎస్‌డీనో మరో భాగాన్నో కాల్చేయొచ్చు, అలాంటిదానికి ఎవరూ డబ్బు వాపసు ఇవ్వరు. గ్రాఫిక్స్ కార్డుకు కరెంటిచ్చే 16 పిన్నుల కనెక్టరును అంచు కనబడకుండా పూర్తిగా నొక్కండి. సగం దిగిన కనెక్టర్లు వేడెక్కి కరిగిన ఉదంతాలు 2022 నుంచీ ఉన్నాయి.

డబ్బు పెట్టి కొన్న వేగం వృథా కాకుండా చూసుకోవాల్సినవి నాలుగున్నాయి. రెండు ర్యామ్‌లను ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 6000 వేగం ర్యామ్ 4800 దగ్గరే నడవొచ్చు. మానిటర్ కేబుల్ బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకు తగిలించాలి. ఆపైన విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌ను 144కు మార్చాలి. 144 హెర్ట్జ్ తెర కొని ఏళ్ల తరబడి 60లోనే ఆడేవాళ్లున్నారు.

తర్వాతి రెండు రోజులు దుకాణం గడువు లోపలే పరీక్షలకు కేటాయించండి. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను నాలుగు విడతలు నడవనివ్వండి. ఒక్క తప్పు చూపినా ముందు ఎక్స్‌పో ఆపి మళ్లీ చూడండి, అప్పటికీ వస్తే ర్యామ్ మార్పించండి. గ్రాఫిక్స్ కార్డును గంటసేపు ఆడించి వేడి, ఫ్యాన్ చప్పుడు గమనించండి. ఏఎండీ రైజెన్ 7000 వరసలో పేరు చివర ఎక్స్ ఉన్న ప్రాసెసర్ పూర్తి భారం మీద 95 డిగ్రీలు చూపితే బెదరకండి, దాని డిజైన్ అంతే.

నెలవారీ బడ్జెట్‌లో కరెంటు కోసం ఓ వరస చేర్చండి. ఆడేటప్పుడు తెరతో కలిపి 400 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు 4 గంటలకు 1.6 యూనిట్లు, 30 రోజులకు 48 యూనిట్లు. మీ శ్లాబు దాటుతుందేమో పాత బిల్లు తీసి చూసుకోండి.

పక్కన ఉంచమన్న 6 శాతం ఈ వారం కోసమే. పొట్టిగా వచ్చిన కేబుల్, వెనక్కి పంపే రవాణా ఖర్చు, కేబినెట్‌కు మరో ఫ్యాన్ వంటివన్నీ అందులోంచి తీయండి, క్రెడిట్ కార్డు గీకొద్దు. దుకాణం గడువు ముగిసేనాటికి అది మిగిలే ఉంటే, అప్పుడు ఆటలు కొనుక్కోండి.