తెలుగు మీడియంలో చదివి ఐటీ ఉద్యోగానికి వచ్చాక అందరికన్నా తక్కువనిపిస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇప్పుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. పని వస్తుంది, కానీ మీటింగ్‌లో నోరు పెగలదు. టీమ్‌లో అందరికన్నా తక్కువవాణ్నని అనిపిస్తుంది. ఆత్మగౌరవం పెంచుకోవడం ఎలా అని అడిగారు. నేనూ అదే దారిలో వచ్చినదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ మాటల్లో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. ఇంగ్లిష్‌లో తడుముకోకుండా మాట్లాడలేకపోవడం ఒకటి. అందువల్ల 'నేనే పనికిరాను' అనుకోవడం ఇంకొకటి. మొదటిది సాధన చేస్తే వస్తుంది. రెండోది మాత్రం ఇంగ్లిష్ వచ్చినంత మాత్రాన పోదు. నాకు ఇంగ్లిష్ బాగానే వచ్చాక కూడా నేను తక్కువన్న ఆ భావన పోలేదు, కొలత మాత్రమే మారింది. భాష తర్వాత జీతం ప్యాకేజీ, ప్యాకేజీ తర్వాత విదేశంలో ఆన్‌సైట్ పని. ఎప్పుడూ ఎవరో ఒకరు నాకన్నా ముందే ఉండేవారు.

అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే దీన్ని ఒక భిన్నంలా రాశాడు. పైన మనం సాధించినవి, కింద మనం సాధించి తీరాలనుకున్నవి. పై అంకె పెరిగినా, కింది అంకె తగ్గినా మన మీద మనకున్న గౌరవం పెరుగుతుందన్నాడు. అది చదివినప్పుడు నాకు తట్టిన ప్రశ్న: ఆ కింది అంకె వేసిందెవరు? నా విషయంలో నేను కాదు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే కాలేజీలో ఇంటర్ చదివాను. కింది సెక్షన్‌కి పడిన వారం మెస్‌లో పాత స్నేహితుల పక్కన కూర్చోవడానికి కూడా మొహం చెల్లేది కాదు. ఎంసెట్ ఫలితాలు వచ్చాక ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ర్యాంకే అడిగాడు. పదహారు, పదిహేడేళ్ల వయసులో మనిషి విలువ అంటే ఒక అంకె అని నేర్పేస్తే, ఆఫీసుకి వెళ్లాక ఆ అలవాటు దానంతటదే పోతుందా? మీకు అనిపిస్తున్నది మీలో ఉన్న లోపం కాదు. చాలా ఏళ్లు నేర్పిన పాఠం.

ఆత్మగౌరవం అంటే నేనే గొప్ప అనుకోవడం అని చాలామంది అనుకుంటారు. దాన్ని కొలవడానికి ప్రపంచమంతా వాడుతున్న పది వాక్యాల ప్రశ్నావళిని మోరిస్ రోజెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1965లో ఇచ్చాడు. అందులో ఒక వాక్యం సారాంశం: నేనూ విలువైన మనిషినే, కనీసం మిగతావాళ్లతో సమానంగా. సమానంగా, అంతే. టీమ్‌లో అందరినీ మించాలనే షరతు అందులో లేదు. నాకు ఆ ఒక్క మాటతో భుజాల మీద బరువు సగం దిగింది.

ఇక ఏం చేయాలంటే, అద్దం ముందు నిలబడి 'నేను గొప్పవాణ్ని' అని పొద్దున్నే చెప్పుకోమనే వీడియోలు నమ్మకండి. కెనడాలో మనస్తత్వవేత్త జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవాళ్లు ఇలాంటి వాక్యాలు పదే పదే అనుకుంటే ఇంకా దిగులుపడ్డారని తేలింది. లోపల నమ్మకం లేని మాట పైకి అంటుంటే మనసు ఎదురు వాదిస్తుంది కదా.

నాకు పనికొచ్చింది రాసుకోవడం. మీటింగ్ నుంచి వచ్చాక 'పరువు పోయింది' అని కాకుండా జరిగింది జరిగినట్టు రాసేదాన్ని. 'ఎర్రర్ ఎందుకొచ్చిందని మేనేజర్ అడిగారు. కారణం తెలుసు. మాట దొరకడానికి టైమ్ పట్టింది. చివరికి చాట్‌లో పెట్టాను.' ఇలా రాస్తే తీర్పు పోయి సంఘటన మిగులుతుంది, దాన్ని సరిచేసుకోవచ్చు. కింద ఇంకో వాక్యం కూడా చేర్చేదాన్ని: ఇదే మా తమ్ముడికి జరిగితే వాడితో ఏమంటాను? 'పనికిరావు పో' అని తమ్ముణ్ని అనలేను. మరి నన్ను నేను రోజూ అనుకుంటున్నది అదే. మన మీద మనం దయగా ఉండటం గురించి క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వవేత్త 2003 నుంచి రాస్తున్నదాంట్లో ఇదీ ముఖ్యమైన భాగమే.

ఇంగ్లిష్‌ని మాత్రం డ్రైవింగ్ నేర్చుకున్నట్టు నేర్చుకోండి, పరువుతో ముడిపెట్టకండి. మీటింగ్‌కి ముందే ఒక వాక్యం తయారు చేసుకుని మొదట్లోనే చెప్పేయండి. ఆలస్యమయ్యేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి. అలా అడిగినందుకు నన్నెవరూ చిన్నచూపు చూడలేదు.

ఇంట్లో పోలికల సంగతి కష్టమైనదే. మేనమామ కొడుకు జీతం గురించి అమ్మ ఫోన్లో చెబితే, వాదించకుండా 'సరేనమ్మా, నువ్వు భోంచేశావా?' అని మాట మార్చేదాన్ని. పెద్దవాళ్లను మార్చాలని పట్టుబట్టే కన్నా ఇదే నయం. వాళ్ల భయం వాళ్లది, అందులో ప్రేమ కూడా ఉంది.

ఒక్క జాగ్రత్త. రెండు వారాలు దాటి రోజూ దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే, ఆకలి వేయకపోతే, బతకడం ఎందుకు అనిపిస్తే, అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు డాక్టర్ని కలవాల్సిందే. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వచ్చే మీటింగ్‌లో మీరు చెప్పాలనుకుంటున్న వాక్యం తెలుగులోనైనా సరే ఇక్కడ రాయండి. ఇంగ్లిష్‌లో ఎలా అనాలో ఇద్దరం కలిసి చూద్దాం.